గోడ అవతలి ఆమేన్

రాయపూరు రాజధాని అయిన పదిహేనేళ్ళకి మా రైల్వే కాలనీలోని పాత ప్రార్థన మందిరం పైకప్పు రేకులు విప్పేశారు. దాని స్థానంలో రెండంతస్తుల మందిరం కడతారట. కింద హాలు, పైన హాలు, మైకులకి వేరే గది. వెనక సామాన్ల కొట్టు ఖాళీ చేస్తుంటే కుర్రవాళ్ళకి మూరెడు పొడుగు రైలు పట్టా ముక్క ఒకటి దొరికింది. ఒక చివర కన్నం, ఆ కన్నంలో తుప్పు పట్టిన గొలుసు. కాలనీలో మిగిలిన పాతకాలపు మనిషిని నేనే గనక నన్ను పిలిచి, "ఆంటీ, యే క్యా చీజ్ హై, మీకేమైనా తెలుసా?" అని అడిగారు. గంట అని చెప్పాను. వాళ్ళకి నవ్వొచ్చింది. ఒకడు దాన్ని పరంజా కర్రకి వేలాడదీసి పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. మూడో దెబ్బ పడకముందే నేను ఆపమని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే రోడ్డు మీద ఆటోవాడు బ్రేకు వేశాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటే మా కోడలు బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని మూడుసార్లు అడిగింది. దానికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న వ్యాగన్ షాపులో ఫిట్టరు. అమ్మ ఊళ్ళో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ ఎప్పుడూ డ్యూటీల మీద ఉండేది కాబట్టి నన్ను పెంచింది మా నాయనమ్మ సంతోషమ్మ. మా క్వార్టరు రెండు గదులూ వంటిల్లూ. నాన్న బట్టల గ్రీజు వాసన, అమ్మ చీరల స్పిరిట్టు వాసన, నాయనమ్మ ట్రంకుపెట్టెలోంచి వచ్చే ఎండుచేపల వాసన, వీటన్నిటి మీదా ఇంజన్ల బొగ్గుపొగ. మా సొంతూరు ఒంగోలు నుంచి ఎవరొచ్చినా ఆ పెట్టెలోకి చింతపండో బెల్లమో చేరేది. నాయనమ్మ తెల్లవారకముందే లేచి సిగ్డీ అంటించేది. బొగ్గులు రాజుకునేలోపు ఆ పూటకి బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి గోడకున్న చిన్న రేకుడబ్బాలో వేసేది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో అది మామూలే. రెండు పూటలా తీసిన పిడికెడు బియ్యం ఆదివారం మందిరానికి పట్టుకెళ్ళి అక్కడి పెద్ద డ్రమ్ములో పోసేవాళ్ళం. ఆ డ్రమ్ము పండగ విందుకీ, ఊరూరా తిరిగే బోధకుల భోజనాలకీ పనికొచ్చేది.

శుక్రవారం శుక్రవారం నాయనమ్మ ఉపవాసం. పొద్దు గుంకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. వింతేమిటంటే ఆవిడ ఆ రోజే మహా హుషారుగా ఉండేది. ఉపవాసమని మొహం వేలాడేసుకుంటే అది దేవుడి మీద అలిగినట్టు అవుద్దట. ఉపవాసం గురించి ఆవిడకి బోలెడు రూల్సు. అన్నిటికంటే పెద్ద రూలు, ఇంటిల్లిపాదీ కలిసి ఉపవాసం పట్టినప్పుడు ఒక్కరు దొంగతనంగా తిన్నా అందరి ఉపవాసమూ చెడిపోతుందని. "కుండకి ఒక్క చిల్లే చాలు, కరుణమ్మా. నీళ్ళన్నీ కారిపోతాయి" అనేది. ఈ మాట నాకు చాలా చెరుపు చేసింది.

పన్నెండేళ్ళు రాయపూర్లో ఉన్నా నాయనమ్మకి హిందీ అబ్బలేదు. వచ్చిన నాలుగు ముక్కలూ తెలుగు చేసేసుకునేది. వరసగా వానలు ఎగ్గొట్టి, చేలో వరి గడ్డిలాగా ఎండిపోయిన ఆ ఏడు, బజారంతా "అకాల్ పడ్ గయా, అకాల్ పడ్ గయా" అంటుంటే ఆవిడ దాన్ని ఆకలి అనుకుంది. అకాల్ అంటే కరువని నాన్న ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. మనకి కరువొక మాట, ఆకలొక మాట, వీళ్ళకి రెండూ ఒకటే మాట, అంతేగా, మీరేంది నాకు చెప్పొచ్చేది అనేది. కరువు సంగతి ఆవిడకి మేం చెప్పేదేమీ లేదు కూడా. వాళ్ళ తాత, ధాత నామ సంవత్సరపు కరువులో, కాలవ తవ్వే చోట దొరలు పోసిన గంజి తాగి బతికి, అక్కడే బాప్తిస్మం తీసుకున్నవాడు. ఊళ్ళో ఆ ఇంటివాళ్ళని గంజికి మారినోళ్ళని ఎకసెక్కం చేసేవారట. నాయనమ్మ దాన్ని ఎన్నడూ దాచుకోలేదు. "అవును, గంజికే. చచ్చేటప్పుడు గంజి పోసినోడు దేవుడు కాకపోతే ఎవురంట?" అని తిరగబడేది.

ఆ ఎండాకాలం రాయపూరు ఎలా ఉండేదో చెప్పడం కష్టం. చప్పుళ్ళు తగ్గిపోయాయి. ముందు కుక్కలు మొరగడం మానేశాయి, తర్వాత కాకులు. తెలీబంధా చెరువు నడుమ దాకా బీటలు వారింది. ఆ బీటల్లో చేతులు పెట్టి తామరదుంపల కోసం ఆడవాళ్ళు రోజంతా వెతికేవాళ్ళు. బురదరంగు మనుషులు బురదలో వంగి ఉంటే, ఎవరైనా కదిలినప్పుడే అక్కడ మనిషి ఉన్నట్టు తెలిసేది. పల్లెల నుంచి జనం మూటలతో పట్టాల వెంట నడిచి వచ్చి, ఆగిన బండి ఏదైతే అది ఎక్కేవాళ్ళు. ఎక్కడికని అడిగితే "కమాయే ఖాయే" అనేవాళ్ళు, సంపాదించుకుని తినడానికి అని. ఊరి పేరు చెప్పేవాళ్ళు కాదు. బండి దొరకనివాళ్ళు యార్డు పక్కనే ఉండిపోయేవాళ్ళు. మాకు రేషన్లో అమెరికా ఎర్రజొన్నలు ఇచ్చేవారు. నాన్న పళ్ళు నూరుతూ నమిలేవాడు. ఆకలి రుచెరగదని నాయనమ్మ ఆయనకి ఇంకో రొట్టె వేసేది. కరువులో అధికమాసం అన్నట్టు కాలనీ బావి కూడా అడుగంటింది.

మందిరం వెనక, యార్డుకీ మాకూ మధ్య ఖాళీ స్థలంలో కొన్నాళ్ళు ధర్మాత్ములెవరో గంజి కేంద్రం నడిపారు. మధ్యాహ్నం పన్నెండింటికి వేపచెట్టుకి కట్టిన పట్టా ముక్క కొట్టేవాళ్ళు. జనం గిన్నెలతో వచ్చి మా మందిరం వెనకగోడ వారన వరసగా కూర్చునేవాళ్ళు. వడ్డించే ముందు ఆ కార్యకర్తలు వాళ్ళ చేత గట్టిగా జై కొట్టించేవాళ్ళు. జై వినబడ్డాకే గరిటె కదిలేది. ఒకనాడు గింజలు అయిపోయి కేంద్రం మూతపడింది. వంటపాత్రలు బండెక్కించుకుపోయారు. పట్టా ముక్కని మాత్రం వదిలేశారు. మందిరానికి గంట లేదని దాన్ని మా సంఘంవాళ్ళు తెచ్చి ముందు వసారాలో కట్టుకున్నారు.

ఊరంతా ఎవరి దేవుణ్ణి వాళ్ళు పట్టుకుని వేడుకుంటున్న రోజులవి. ఒక పేటలో కప్పలకి పెళ్ళి చేశారు. ఇంకో పేటలో రేయింబవళ్ళు భజన. ఈద్గాలో ఎండలో నిలబడి నమాజు. మన వంతు మనం చెయ్యకపోతే ఎలా అని మా సంఘపెద్ద ఆశీర్వాదంగారు మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించారు. ఆయన రిటైరైన గార్డు, గోదావరి జిల్లా మనిషి. ప్రార్థన కూడా టైమ్ టేబుల్ ప్రకారం నడిపేవారు. ఒక చేతిలో గడియారం, రెండో చెయ్యి పైకెత్తితే పాట మొదలవ్వాలి, బండికి పచ్చజెండా ఊపినట్టే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోట్లో ఏమీ పడకూడదనీ, పన్నెండు నుంచి మూడింటి దాకా మందిరంలో ప్రార్థన అనీ, పదేళ్ళు నిండినవాళ్ళే ఉండాలనీ అన్నారు. నాకు నాలుగు నెలలు తక్కువ. ఏడ్చి సాధించాను. వాన నా ప్రార్థనకే పడాలని నాకు ఆశ.

మొదటిరోజు పన్నెండింటికి ఆశీర్వాదంగారే స్వయంగా పట్టా మోగించారు. అందరం లోపలికి వెళ్ళాక వడగాలి కొట్టకుండా తలుపులూ కిటికీలూ మూశారు. పైన రేకుల కింద గాలికోసం వదిలిన సందుల్లోంచి తప్ప వెలుతురు లేదు. నలభైమందికి మించని మేం చెమటల్లో, దోసిళ్ళలో మొహాలు పెట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాం. ఆశీర్వాదంగారు ప్రార్థన ముగించారు. అందరం ఆమేన్ అన్నాం. మా ఆమేన్ అయిపోయాక, ఒక ఊపిరి ఆలస్యంగా, ఇంకో ఆమేన్ వినబడింది.

నేను నాయనమ్మ వంక చూశాను. నాయనమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండో ప్రార్థన మొదలైంది. ముగిశాక మళ్ళీ మాదొక ఆమేన్, కాసేపాగి అదొకటి. అది పైనుంచి వచ్చింది. రేకుల సందుల్లోంచి లోపలికి దిగినట్టుగా, పొడిగా, ఏ ఒక్క గొంతూ విడిగా తెలియకుండా. నా వీపు మీద చెమట చల్లబడడం నాకు ఇప్పటికీ గుర్తే. మూడోసారికి నా ముందు మోకరించిన ఒక పెద్దావిడ వెక్కివెక్కి ఏడవసాగింది. ఆశీర్వాదంగారు గడియారం జేబులో వేసేసుకున్నారు. మన లెక్కకి మించి ఎవరో మనతో ప్రార్థిస్తున్నారని ఆయన అన్నారు. ఎవరో అన్నదానికి అందరికీ ఒకటే అర్థం తోచింది. ఆ సాయంత్రం గంజి తాగుతూ కాలనీ అంతా దేవదూతల గురించే మాట్లాడుకుంది.

బయటికెళ్ళి ఎందుకు చూడలేదని ఇవాళ అడగొచ్చు. దేవదూతల్ని చూడ్డానికి గోడ వెనక్కి ఎవరు వెళతారు? పైగా ముందు తలుపు క్వార్టర్ల వైపు, ఆ ఖాళీ స్థలం వెనక వైపు. అక్కడ జనం కూర్చుని ఉంటారని మాకు తెలియదనీ చెప్పలేను. చూసీ చూసీ మా కళ్ళు వాళ్ళని చూడ్డం మానేశాయి. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ ఇదంతా విని, వడదెబ్బకి ముందు చెవుల్లో రకరకాల శబ్దాలు వస్తాయని నాన్నతో మెల్లిగా అంది. నాయనమ్మ మాత్రం నులకమంచం మీద చాలాసేపు కూర్చుని, ఎవరితోనూ కాకుండా అంది.

"దేవదూతలైతే అంత నీరసంగా అంటారా?"

రెండోరోజు నాకు ఆకలి తట్టుకోవడం చాతకాలేదు. పొద్దున్నే నాయనమ్మ పెట్టెలోంచి నిమ్మకాయంత బెల్లంముక్క దొంగిలించి గౌను జేబులో వేసుకున్నాను. తిననని నాకు నేనే చెప్పుకున్నాను, ఊరికే ఉంచుకుంటానని. ప్రార్థన సగంలో ఒంటికి వెళ్ళొస్తానని చెప్పి పక్కతలుపులోంచి బయటపడి, ఎవరికీ కనబడకుండా మందిరం వెనక్కి తిరిగాను. బెల్లం నోటి దగ్గర పెట్టుకునే తిరిగాను.

వెనకగోడ పొడుగునా జానెడు నీడ ఉంది. ఆ నీడలో వీపులు గోడకి ఆనించి జనం కూర్చుని ఉన్నారు. ముసలాళ్ళు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు. అందరి ముందూ గిన్నెలు. అందరి మొహాలూ పైకెత్తి, రేకుల సందుల వైపు. ఒక్కరూ మాట్లాడ్డం లేదు. ఈగలు తోలుకోవడం కూడా లేదు. లోపల ఆశీర్వాదంగారి గొంతు లేచి, పడి, ముగిసింది. మావాళ్ళు ఆమేన్ అన్నారు. అప్పుడు ఆ వరసంతా చేతులు సాచి గిన్నెలని కొంచెం ముందుకి జరిపింది. జరిపి, అన్ని నోళ్ళూ కలిపి "ఆమిన్" అంది. కాసేపు ఎదురుచూసి మళ్ళీ గిన్నెలని వెనక్కి లాక్కుంది.

వరస చివర నా ఈడు పిల్ల ఒకతె ఉంది. జుట్టు రాగిరంగు తిరిగి, మోకాళ్ళు తలకాయంత లావుగా కనబడుతున్నాయి. అది నా మొహం చూడలేదు, నా చేతిలోని బెల్లం చూసింది. "ఇహాఁ ఖాయె బర్ కబ్ దిహీ?" అంది. ఇక్కడ తినడానికి ఎప్పుడు పెడతారని. కాలనీలో ఆడుకునే పిల్లలకి ఛత్తీస్‌గఢీ అందరికీ వచ్చు. అది చూస్తుండగానే మొత్తం ముక్క నోట్లో కుక్కేసుకున్నాను. ఎవరికైనా చెబుతుందేమో, చేతిలో కనబడకుండా చేసేస్తే చాలు అనుకున్నాను. దానికి సగం విరిచి ఇవ్వాలని నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విరిచి ఇచ్చానో మనసులో.

ఆ పిల్ల కోపగించుకోలేదు. ఆ మాట బాగా అన్నవాళ్ళకి ముందు పెడతారని వాళ్ళ తాత చెప్పాడట. "మయ్ బనే కహత్ హవ్ న?" అని అడిగింది. నేను సరిగ్గానే అంటున్నాను కదా అని. ఇలా చెప్పి, నాకోసం ఒకసారి అని చూపించింది. "ఆమిన్."

మా సండేస్కూల్లో ఆమేన్ అనడంలో నాకు ప్రైజు వచ్చింది. మా టీచరమ్మ ఆమేన్‌ని నడిమి నుంచి సాగదీసి, చివర్లో మెల్లిగా దించాలని నేర్పింది. నేను బెల్లం మింగి, తప్పు అన్నాను. అలా కాదు, ఇలా అని, "ఆమే...న్" అని చూపించాను. ఆ పిల్ల నా పెదాల వంకే చూస్తూ అంది. ఇంకా సాగాలి అన్నాను. మళ్ళీ అంది. మూడోసారికి అచ్చం నాలాగే అంది. మెచ్చుకోలుగా తల ఊపి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేశాను. తర్వాతి ప్రార్థనలో అన్ని ఆమిన్‌ల మీదుగా ఒక సన్నటి ఆమేన్ సాగి, మెల్లిగా దిగింది. ఆశీర్వాదంగారు చేతులు పైకెత్తి ఏడ్చేశారు.

ఆ సాయంత్రం చెప్పెయ్యాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో. గోడ వెనకాల ఎవరున్నారో చెబితే, అక్కడికి ఎందుకు వెళ్ళావంటారు. ఎందుకు వెళ్ళానో చెబితే బెల్లం సంగతి చెప్పాలి. కుండకి చిల్లు పెట్టింది నేనే, వాన పడకపోతే అది నావల్లే. నాయనమ్మకి ఆ సంగతి తెలియడం కంటే వాన పడకపోవడమే మేలనిపించింది. అవతల ఆ పిల్ల రేపు కూడా అక్కడే కూర్చుని ఉంటుందని నాకు తెలుసు. ఎవరూ ఏమీ పెట్టరనీ తెలుసు. ఇంట్లో ఆ రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి నోరు మూసుకుని పడుకున్నాను.

మూడోరోజు పట్టా మోగింది. దేవదూతల సంగతి తెలిసి వేరే పేటల తెలుగువాళ్ళు కూడా వచ్చారు. మందిరం కిక్కిరిసింది. మొదటి ప్రార్థన ముగిసింది. మేం అన్నాం. కాసేపాగి గోడ అవతలి నుంచి జవాబొచ్చింది. ఆమిన్ పోయింది. అన్ని గొంతులూ, ముసలివీ పడుచువీ, నడిమి నుంచి సాగదీసి, చివర్లో మెల్లిగా దించి అన్నాయి. నేను నేర్పినట్టే. ఆ పిల్ల వాళ్ళందరికీ నేర్పింది. అంతమంది నోళ్ళలో నా గొంతే గోడ అవతల కూర్చుని నాకు బదులు చెబుతున్నట్టుంది.

చుట్టూ అందరూ పరవశంతో ఊగుతున్నారు. నేను ఒక్క గొంతు కోసం వెతుకుతున్నాను. ఆ సన్నటి గొంతు అందులో లేదు. రెండో ప్రార్థన తర్వాత చెవులు రిక్కించాను. లేదు. మూడో ప్రార్థనలో ఆశీర్వాదంగారి నోట వచ్చిన మాట ఒక్కటీ నా బుర్రకెక్కలేదు. అందరూ అన్నారు, గోడ అంది, ఆ గొంతు లేదు. నేను లేచి నిలబడ్డాను. నిన్న నేను బెల్లం తిన్నానని చెప్పాను. ముందు అదే వచ్చింది నోట్లోంచి. తర్వాత మిగిలింది కూడా చెప్పాను. వాళ్ళు మన పట్టా విని గంజికి వచ్చారని, ఆమేన్ అంటే జై అనుకుంటున్నారని, అక్కడ ఒక పిల్ల ఉండాలి, ఇవాళ దాని గొంతు వినబడ్డం లేదని.

ఎవరో ఆడావిడ నన్ను కూర్చోమని గౌను పట్టి లాగింది. నాయనమ్మ ఆ చెయ్యి తీసేసింది. నన్ను రెక్క పట్టుకుని పక్కతలుపు తీసి వెనక్కి నడిచింది. మా వెనక అందరూ వచ్చారు. మమ్మల్ని చూడగానే, ఆ మండుటెండలో, ఆ వరసంతా ఒక్కసారిగా గిన్నెలు ముందుకు జరిపి, మా కళ్ళలోకి చూస్తూ, "ఆమే...న్" అంది. మేం అంతమందిమీ అక్కడే ఆగిపోయాం. జవాబు చెప్పవలసింది ఇప్పుడు మేం.

ఆశీర్వాదంగారు కళ్ళద్దాలు తీసి అరుగు మీద కూలబడ్డారు. "ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో తప్పు సిగ్నలు ఇవ్వలేదమ్మా నేను" అన్నారు నాయనమ్మతో. నాయనమ్మ ఆయనకి కాదు, ఆడవాళ్ళందరికీ చెప్పింది.

"డ్రమ్ము బయటికి తియ్యండి. ముందు గంజి. ప్రార్థన యాడికీ పోదు."

పిడికెళ్ళ బియ్యం డ్రమ్ము పండగదని ఎవరో గొణిగారు. నాయనమ్మ చూసిన చూపుకి వాళ్ళే ముందెళ్ళి డ్రమ్ము దొర్లించుకొచ్చారు. ఉపవాసంతో కాళ్ళు తేలిపోతున్న మనుషులు యార్డులోంచి బొగ్గు తెచ్చారు, అడుగంటిన బావిలో చేదలు వేశారు. ఆ పిల్ల వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆ రోజు రెండో డ్యూటీకి వెళ్ళబోతున్న అమ్మని ఎవరో పరుగున పిలుచుకొచ్చారు. అమ్మ నాడి చూసి, పంచదార నీళ్ళు పెదాలకి తడిపి, రిక్షా పిలిపించి, తల్లినీ పిల్లనీ ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయింది. రిక్షా వెళుతుంటే ఆ పిల్ల నా వైపు చూసిందనే నేను అనుకుంటున్నాను. నాన్న మాత్రం, దానికి అప్పటికే చూపు లేదు, నువ్వు ఊహించుకున్నావని చాలా ఏళ్ళ తర్వాత అన్నాడు.

అమ్మ మర్నాడు పొద్దున్న వచ్చింది. పెరట్లో చేతులు సబ్బుతో చాలాసేపు కడుక్కుంది. ఒక్కరోజు ముందు తెచ్చినా ఏమో, చెప్పలేం అంది. నేను వింటున్నానని చూసి, అంతకు ముందే ముదిరిపోయింది అని మార్చింది. ఆసుపత్రి చీటీలో రాయించిన పేరు దుకల్హిన్ అట. దుకాల్ అంటే వాళ్ళ భాషలో కరువు. ఏదో పాత కరువులో పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నారు. నాయనమ్మ ఆ పేరు రెండుసార్లు అనుకుంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బెల్లం సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఈ వయసులో కూడా అనిపిస్తుంది.

ఇప్పుడు రాయపూర్లో ఆకలి అలా వరసకట్టి కూర్చోదు. సిల్తారా వైపు ఇనుము కార్ఖానాల పొగ, రోడ్ల మీద బియ్యం మిల్లుల లారీలు, కార్డుంటే బియ్యం. ఉపవాస ప్రార్థనలు అప్పటికంటే ఎక్కువే. ఊళ్ళో అద్దె ఏసీ హాల్లో, మైకులో, పిల్లల ఉద్యోగాలకీ వీసాలకీ ఇరవయ్యొక్క రోజులు. చివరి రోజు బిర్యానీ ప్యాకెట్లు. వెక్కిరించడానికి అనడం లేదు, నేనూ వెళతాను, నేనూ తింటాను. పెద్ద మైకులో ఆమేన్ అన్నాక హాలు గోడలకి తగిలి అది తిరిగి వస్తుంది కదా, ఆ క్షణంలో నేను లెక్కపెడుతూ ఉంటాను, మనం ఎంతమందిమి, అది ఎంతమందిది అని. అప్పటివాళ్ళు మంచివాళ్ళనీ ఇప్పటివాళ్ళు కాదనీ ఏమీ లేదు. అప్పుడు ఆ గోడకి రేకుల కింద సందు ఉండేది, అంతే. మా కొత్త హాలుకి అద్దాలు బిగిస్తారట.

నాలుగోరోజు సంగతి చెప్పాలి. ప్రార్థన లేదు. పన్నెండింటికి నాయనమ్మే పట్టా కొట్టింది, గంజికి. జనం వచ్చి గోడ వారన కూర్చున్నారు. ఏమీ అనక్కర్లేదని, ఊరికే గిన్నె పట్టండని నాయనమ్మ తెలుగులో చెబితే నేను వాళ్ళ భాషలో చెప్పుకుంటూ వరస వెంట నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. గరిటె చప్పుడు, జుర్రుకునే చప్పుడు. వరస చివర ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. పొద్దున్నే పిల్లని మట్టిచేసి వచ్చింది. కడుపు దుఃఖం కోసం ఆగదు. ఆవిడ ముందు రెండు గిన్నెలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నాయనమ్మ పెద్దదాంట్లో పోసింది. ఆవిడ చిన్నది కూడా చాచింది. నాయనమ్మ గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాంట్లోనూ నిండా పోసింది.

అప్పుడు ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నేనెవరో ఆ పిల్ల చెప్పి ఉంటుంది. ఎవరూ అనక్కర్లేని ఆ మాటని, నడిమి నుంచి సాగదీసి, చివర్లో మెల్లిగా దించి, ఒక్క తప్పు లేకుండా అంది. అని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "బనే కహేవ్ న, నోనీ?" అని అడిగింది. సరిగ్గా అన్నానా, చిట్టితల్లీ అని.

సరిగ్గానే అన్నావని చెప్పాను.